ఎడమచేతి ఈలపీట

నా భార్య ఈ నెల మొదట్లో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, చనిపోయింది.

ఆ రోజు పొద్దున మామూలుగానే లేచింది. వాకిలి చిమ్మి ముగ్గు వేసింది. కాఫీ ఇచ్చింది. పేపరు చదువుతున్న నన్ను వంటింట్లోకి పిలిచి గుమ్మడికాయకు గాటు పెట్టమంది. పెట్టాను. ఎప్పటిలాగే వంకరగా పోయింది. ఎప్పటిలాగే నవ్వింది. సగం కాయ పులుసులో వేసి, మిగిలిన సగాన్ని మర్నాటికని పళ్ళెం బోర్లించి మూసి పెట్టింది. ఇద్దరం తిన్నాం. గిన్నెలు సర్ది వచ్చి, గుండెల్లో బరువుగా ఉందని గోడకు ఆనుకుని కూర్చుంది. నేను నీళ్ళు తెచ్చేసరికి పక్కకు ఒరిగి ఉంది. పక్కింటాయన ఆటో తెచ్చాడు. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదన్నారు. బల్ల మీద ఆమె ఎడమచెయ్యి నా వైపు ఉంది. గోళ్ళలో గుమ్మడి పసుపు ఇంకా అలాగే ఉంది.

జరిగింది ఇంతే. ఆ రోజు గురించి ఇంకేమీ చెప్పడానికి లేదు.

తరువాతి రోజుల గురించి చెప్పాలంటే నాకు రోత. వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకటే మాట అన్నారు. పసుపు కుంకాలతో పోయింది, పుణ్యాత్మురాలు. మొగుడి చేతుల మీదుగా పోయింది, అంతకన్నా ఏం కావాలి. నన్ను ఓదార్చినట్టు లేదు, ఆమె ఏదో పరీక్ష పాసయినట్టు మెచ్చుకున్నారు. మొగుడికన్నా ముందు చావడం ఆడదానికి దక్కే బహుమతి అట. ఆ మాట అని, కాఫీ తాగి, గ్లాసు కూర్చున్న చోటే వదిలి వెళ్ళారు. గ్లాసుల అడుగున చీమలు పట్టేవి. వాటిని ఏరి కడగడం నా పని అయింది. ఆ పని నాకు నచ్చింది. అది చేసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడనక్కరలేదు.

ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఆమె తెలియదు. ఆమె పుణ్యాత్మురాలో కాదో నాకు తెలియదు. నాకు తెలిసింది, ఆమె ఎడమచేతి వాటం మనిషి. మా ఇంట్లో ఆమె కోసమని, ఆమె చేతికి సరిపోయేలా తయారైన వస్తువు ఒక్కటే ఉంది. అది ఈలపీట. కోస్తా వాళ్ళు కత్తిపీట అంటారు. దాని గురించి రాస్తే ఆమె గురించి రాసినట్టే.

ఈలపీట అందరి ఇళ్ళలో ఉండేదే. నేల మీద ఒక చెక్క, దాని కొననుంచి పైకి లేచి కూర్చున్న మనిషి వైపు వంగిన కత్తి. అయితే మా పక్క కమ్మరులు చేసే కత్తికి వాదర, అంటే కోసే అంచు, రెండు వైపులా సమానంగా ఉండదు. ఒక పక్క చదును, ఒక పక్క వాలు. కుడిచేతి వాళ్ళకు వాలు ఎడమపక్కన ఉంటుంది. కాయ కుడిచేతిలో ఉండి చదును వెంట తిన్నగా పోతుంది, ముక్క వాలు మీదుగా ఎడమచేతిలోకి జారుతుంది. కోసేవాళ్ళు కుడికాలితో చెక్కను నొక్కి పెడతారు. కత్తి కూడా రవ్వంత అందుకు తగ్గట్టే ఒరిగి ఉంటుంది. ఊరికే చూస్తే ఇదేమీ తెలియదు. ఎడమచేత్తో కోయబోతే తెలుస్తుంది. ముక్క వచ్చి వేలి కిందికి దూరుతుంది, వేలు వాదర మీదికి పోతుంది.

ఆమె మా ఇంటికి కాపురానికి వచ్చిన కొత్తలో మా అమ్మ మాతోనే ఉండేది. తిరుపతిలో అలిపిరి పోయే దారిలో చిన్న బాడుగ ఇల్లు. నేను బి.ఎ. ముగించి పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఒక ఆదివారం ఆమె వంకాయలు కోస్తుంటే మా అమ్మ వంటింటి గడప మీద నిలబడి చూసింది.

"అదేం మే, ఆ చేత్తో కోస్తా ఉండావు?"

"నాకు ఈ చెయ్యే వస్తాది అత్తా."

"ఆ చెయ్యి దేనికి పెట్టినాడో దేవుడు, తెలీదా నీకు? ఆ చేత్తో కోసిన కూర నా నోట్లోకి పోతాదా?"

"రెండు చేతులూ సబ్బు పెట్టి కడుక్కున్నా అత్తా. మీరు ఒకటే కడుక్కుంటారా?"

నేను పేపరు వెనక నవ్వాను. మా అమ్మ నవ్వలేదు. చాలా రోజులు మజ్జిగ, ఊరగాయతో తిన్నది. తినేముందు "ఎవురు కోసినారు?" అని అడగడం అప్పుడు మొదలుపెట్టింది. బతికినన్నాళ్ళూ మానలేదు.

చిన్నప్పుడు పుట్టింట్లో అన్నం తినేటప్పుడు ఆమె ఎడమచేతిని మేనత్త తువ్వాలుతో వెనక్కి కట్టేసేదట. తినడం, దణ్ణం పెట్టడం, ఒకరికి ఏదైనా అందించడం అట్లా కుడిచేత్తో నేర్చుకుంది. కోయడం మాత్రం కుడిచేతికి రాలేదు. కట్టేసిన సంగతి ఆమె నవ్వుతూ చెప్పేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

మా ఇంటి ఈలపీట మీద ఒకరోజు ఆమె వేలు తెగింది. బాగా తెగింది. మా అమ్మ వచ్చి చూసి, కోసిన బెండకాయలన్నీ తీసుకుపోయి దిబ్బలో పారబోసింది. వేలు ఎట్లా ఉందని అడగలేదు. కొడుకు రాయకూడని మాట ఒకటి రాస్తున్నాను. ఆ క్షణంలో నాకు మా అమ్మంటే అసహ్యం వేసింది. అమ్మ పోయి ఏళ్ళయినా ఆ బెండకాయలు గుర్తుకు వస్తే అదే అసహ్యం వేస్తుంది.

వేలికి గుడ్డ చుట్టుకుంటూ నా భార్య అన్న మాట వేరు. "తప్పు చేతిది కాదు, కత్తిది. చేతిని మార్చలేరు గానీ కత్తిని మార్చచ్చు కదా."

మా అమ్మను మార్చడం నా వల్ల కాలేదు. కత్తిని మార్పించడానికి బయలుదేరాం.

ఆమె పుట్టిల్లు ఐరాల దగ్గర. మా మామగారిది చెరకు సేద్యం. ఆయన చెరకు కత్తులన్నీ చేసేది ఐరాల కమ్మరి ఆచారి. పూతలపట్టులో బస్సు మారి వెళ్ళాం. ఆచారి మంచి పనివాడు. మంచి మనిషి అని మాత్రం చెప్పలేను. తన పని తప్ప ఇంకొకరి పని పనే కాదనేవాడు. ఆకు నములుతూ, కొలిమి పక్కనే ఉమ్ముతూ, ఎదుటివాడు చెప్పేది సగం వినేవాడు. మామగారి కూతురని కూర్చోమన్నాడు.

"ఎడమ చేతికా? ఏం మే, కుడిచెయ్యి ఏమన్నా పడిపోయిందా నీకు?"

"నీ నోరు పడిపోలేదు కదా ఆచారీ. చేస్తావా, చేయవా?"

"మా నాయన చేయలా. వాళ్ళ నాయనా చేయలా."

"నేను వాళ్ళ కాడికి రాలేదే."

ఆచారి నా వైపు చూశాడు. "ఏమప్పా, దీంతో ఎట్ల ఏగతా ఉండావు?" అన్నాడు. చేస్తానని నోటితో అనలేదు. లేచి పాత ఇనుము కుప్పలో వెతకడం మొదలుపెట్టాడు. అదే అతని ఒప్పుకోలు.

కబురు వచ్చాక మళ్ళీ వెళ్ళాం. కత్తిని అటు ఒరగవలసింది ఇటు ఒరిగేలా చేశాడు. బాగానే ఉందనుకున్నాను. ఆమె ఒడిలో నాలుగు వంకాయలు కట్టుకుని వచ్చింది. కొలిమి ముందే కూర్చుని కోసింది. మొదటి ముక్కే వేలి కిందికి వచ్చింది. వాలు మాత్రం పాత పక్కనే ఉండిపోయింది. అతని చెయ్యి అలవాటు కొద్దీ సాన అటే పట్టింది.

"నా చెయ్యి ఎడమ, నీ సాన కుడి. మద్దెలో వంకాయ చస్తా ఉండాది," అంది.

ఆచారి సమ్మెట కింద పడేశాడు. "నా చెయ్యి అట్ల పోదు మే. పుట్టినప్పటినుంచీ ఒక పక్కకే పోయిన చెయ్యి ఇది."

"నా చెయ్యీ అంతే ఆచారీ."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. అతను మాత్రం ఆ తరువాత వెటకారం ఆపాడు.

ఆమె లేచి పుట్టింటికి పోయి గోడకు వేలాడే అద్దం పట్టుకొచ్చింది. వాళ్ళమ్మ బొట్టు పెట్టుకునే అద్దం. దాన్ని ఇటుకలకు ఆనించి నిలబెట్టింది. దాని ముందు ఆచారి ఇంటిదే ఒక మామూలు ఈలపీటను తెచ్చి పెట్టించింది.

"ఇంగ పీటను సూడొద్దు. అద్దంలో ఉండేదాన్ని సూసి చెయ్యి."

ఆచారి చాలాసేపు అద్దంలోకి చూశాడు. అద్దంలోని ఈలపీటకు వాలు కుడిపక్కన ఉంది. కాలు పెట్టే చోటు ఎడమపక్కన ఉంది. "ఓరినీ," అన్నాడు. అంతే. ఆ రోజంతా అద్దంలోకి చూస్తూనే పనిచేశాడు. నేను ఒక మూల కూర్చుని చూశాను.

ఇనుము లారీ కమాను పట్టీ. బండి చక్రానికి వేసే కమ్మి మెత్తన, ఆడవాళ్ళు దినామూ కోసేదానికి అది పనికిరాదు అన్నాడు. తుమ్మబొగ్గు రాజేసి, పట్టీని ఎర్రగా కాల్చి, దాగలి అనే ఇనుప దిమ్మె మీద సాగగొట్టాడు. కింద మందంగా, పైకి పోయేకొద్దీ పలచగా. తరువాత దాగలి కొన మీద పెట్టి కొద్దికొద్దిగా వంచాడు. ఒక్క దెబ్బతో వంచలేదు. వంచడం, ఎత్తి అద్దం పక్కన పెట్టి చూడటం, మళ్ళీ కాల్చడం. చివరికి అది నీళ్ళ మీద నిలబడిన కొంగ మెడలా వచ్చింది. పై కొనను చదునుగా కొట్టి, ఆకురాయితో కొబ్బరి కోరే పళ్ళు తీశాడు. పళ్ళకు కుడి ఎడమలు లేవని అక్కడ మాత్రం అద్దం చూడలేదు, కాస్త తేరుకున్నాడు. కత్తిని మళ్ళీ కాల్చి ఆముదంలో ముంచాడు. ఆ పొగ కంపుకు నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆమె ముక్కు కూడా మూసుకోలేదు. ముంచి తీసిన కత్తిని సెగమీద ఆరబెట్టినట్టు పట్టుకుని, లేత పసుపు రంగు తేలగానే పక్కన పెట్టేశాడు. వాలు మాత్రం ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, రాతి మీద నీళ్ళు చల్లుకుంటూ చేత్తోనే తీశాడు.

చెక్క మామగారి పొలంలో గాలికి పడిన చింతమానుది. పై చెక్క తీసేసి లోపలి చేవను వాడాడు. నల్లగా, ఇనుమంత బరువుగా ఉంటుంది. కాలితో గట్టిగా నొక్కకపోయినా కదలదు. కత్తి మొదలును కాల్చి చెక్కలోకి దించి, సందులో లక్క కరగబోశాడు. ఈ రోజుకీ ఆ కత్తి చెక్కలో కదలలేదు.

ఆమె మళ్ళీ వంకాయ కోసింది. ముక్క వాలు మీదుగా జారి ఆమె కుడి అరచేతిలో పడింది. ఇంకొకటి కోసింది. తెచ్చినవన్నీ కోసింది. ముక్కలన్నీ ఒడిలో వేసుకుని వాటినే చూస్తూ కూర్చుంది. ఆమెను అంత గమ్మున నేను ఎప్పుడూ చూడలేదు.

"రెండు దినాలు నా చేతికి అన్నం నోట్లోకి పోదు నీ వల్ల," అన్నాడు ఆచారి. తరువాత వేలు చూపించి చెప్పాడు. "ఈ వాదరను సాన వాళ్ళ చేతికి మాత్రం ఇయ్యద్దు మ్మా. వాళ్ళకు తెలిసింది ఒకటే పక్క. పదును పోతే నా కాడికే తీసకరా."

ఏటా మామిడికాయల కాలంలో పుట్టింటికి పోయినప్పుడు తీసుకుపోయేది. అద్దం ఆ కొలిమిలోనే ఉండిపోయింది. మామూలు రోజుల్లో ఆచారి దాంట్లో చూసి మీసం కత్తిరించుకునేవాడు. ఆమె వచ్చినప్పుడు పొగ తుడిచి ఎదురుగా పెట్టుకునేవాడు.

ఆ తరువాత మా వంటింట్లో రక్తం కనిపించలేదు. తొక్కుడు చోట చింతచెక్క మీద ఆమె ఎడమపాదం అచ్చు ఏళ్ళు గడిచేకొద్దీ నునుపు తేలింది. కోయడం అయ్యాక ఇంత చింతపండు, బూడిద పెట్టి తోమేది. వేలికి నూనె రాసుకుని వాలు మీద పైనుంచి కిందికి ఒక్కసారి పామేది. ఎక్కడికి పోయినా ఈలపీటను నిలబెట్టి పోయేది కాదు, పడుకోబెట్టి పోయేది. "దానికీ నడుము వాల్చాలని ఉండదా?" అనేది. పక్కింటావిడ ఒకసారి పెళ్ళి వంటకని అడిగి తీసుకుపోయి, మధ్యాహ్నానికే తెచ్చి ఇచ్చింది. "మీ ఈలపీట నా మాట వినదు తల్లీ," అంది. నా భార్య ఆ రోజంతా సంతోషంగా ఉంది.

నా మాట కూడా అది వినలేదు. మా పక్క గుమ్మడికాయకు మొదటి గాటు ఆడవాళ్ళు పెట్టరు. ఇంట్లో మగవాడు పెట్టాలి, తరువాత వాళ్ళు కోసుకుంటారు. ఎందుకని అడిగితే ఎవరూ సరైన కారణం చెప్పరు. నా భార్య ఏ ఆచారాన్నీ ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. ఈ ఒక్కదాన్ని మాత్రం వదలలేదు. నేను గాటు పెట్టడం చూడటం ఆమెకు సరదా. నాది కుడిచెయ్యి. కత్తి ఆమెది. ఎంత జాగ్రత్తగా మధ్యలో పెట్టినా గాటు పోయి పోయి ఒక పక్కకు తేలేది. ఒక చెక్క పెద్దది, ఒకటి చిన్నది.

"మీ గాటు చిత్తూరికని బస్సెక్కి పాకాలలో దిగతాది," అనేది.

ఆ ఒక్క మాట మీద ఆమె ఇన్నేళ్ళూ నవ్వింది. నాకు ఎప్పుడూ పాతబడలేదు.

మా అమ్మ సంగతికి కూడా ఆ గాటే ఉపాయమయింది. "ఎవురు కోసినారు?" అని అమ్మ అడగ్గానే, "మీ కొడుకే అత్తా," అనేది నా భార్య. మొదటి గాటు నాదే కాబట్టి అబద్ధం కాదని ఆమె లెక్క. క్రమంగా బీరకాయ, దొండకాయ కూడా నేనే కోసినట్టయింది. మా అమ్మ దొండకాయ వేపుడు తింటూ, "మగోడయినా సూడు ఎంత సన్నంగా కోసినాడో. నువ్వూ నేర్చుకో మే, వాడిని సూసి," అనేది. నా భార్య తలవంచుకుని వడ్డించేది. భుజాలు కదిలేవి. నేను కంచంలోకి చూస్తూ తినేవాణ్ణి. మాకు పిల్లలు లేరు. మా ఇద్దరికీ ఇలాంటివే ఉన్నాయి.

ఇప్పుడు జరిగింది చెప్పాలి.

ఆమె పోయిందని తెలిసి పలమనేరునుంచి మా అక్క వచ్చింది. ఇల్లంతా ఆమే చూసుకుంది. పనిమంతురాలు, అందులో సందేహం లేదు. అయితే ఈ విషయంలో ఆమె మా అమ్మకు అచ్చం కూతురు. పెళ్ళిళ్ళలో నా భార్య వడ్డించడానికి వస్తే, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, ఇంకొకరు వచ్చేదాకా కూర్చునేది. మూడో రోజున వంటింట్లో కంపు కొడుతోందని మూలమూలా వెతికి, పళ్ళెం కింద మిగిలిన సగం గుమ్మడికాయను పట్టుకుంది. బూజు పట్టి, నీరు కారుతోంది. చుట్టూ ఈగలు ముసిరి ఉన్నాయి.

"థూ, ఏం కంపురా ఇది. ఇట్ల పెట్టి పోయింది సూడు."

పోతానని తెలిసి పెట్టలేదక్కా, అనుకున్నాను. నేనే ఎత్తి బయట పారేశాను. నాకు ఆ కంపు రోతగా అనిపించలేదు. మా అక్క ముక్కుకు అడ్డం పెట్టుకున్న కొంగును చూస్తే రోత పుట్టింది.

కర్మకు ఐరాలనుంచి వచ్చిన మా బావమరిది, ఆచారి ఒక మాట అడిగి పంపాడని చెప్పాడు. "ఆయమ్మ పీట భద్రంగా ఉండాదా అన్నాడు బావా." ఉందని చెప్పు అన్నాను.

కర్మ అయిన మర్నాడు ఇంకా కొందరు చుట్టాలు మిగిలి ఉన్నారు. మా అక్క గుమ్మడికాయ తెప్పించింది.

"రా అబ్బోడా, గాటు పెట్టు. ఇంట్లో మగదిక్కు నువ్వే కదా."

వంటింట్లో ఈలపీట ముందు కూర్చున్నాను. ఎడమకాలు ఆమె పాదం అచ్చులో పెట్టాను. కాయను రెండు చేతులా పట్టుకుని తోశాను. వంకరగా పోతుందని, ఆ తరువాత వంటింట్లో ఎవరూ నవ్వరని, దానికి ముందే మనసు గట్టి చేసుకున్నాను.

గాటు తిన్నగా పోయింది. దారం పట్టి గీసినట్టు పోయింది. రెండు చెక్కలూ సమానంగా విడిపోయి అటొకటి ఇటొకటి పడ్డాయి.

"అబ్బ, ఎంత తిన్నగా పోయిందో సూడు," అంది మా అక్క, వెనకనుంచి.

కత్తిని వెలుతురు వైపు తిప్పి చూశాను. ఎడమపక్కన కొత్త వాలు, తెల్లగా మెరుస్తూ. కుడిపక్కన ఆచారి చేత్తో తీసిన వాలును అరగదీసి చదును చేసేశారు. ఆమె ఏళ్ళ తరబడి నూనె పామిన నల్లని నునుపు లేదు. పాదం అచ్చులో ఇనుప రజను ఇంకా మిగిలి ఉంది. నా మడమకు అంటుకుంది.

"ఇది ఎవరు చేశారక్కా?"

"నేనే సానబట్టించినా. నువ్వు అస్థికలు కలిపేదానికి పోయినావే, ఆ దినం. వంటాయన ముక్క పక్కకు పోతా ఉండాదని ఒకటే గొణుగుడు. సైకిలు మీద సాన పట్టేవాడు ఈదిలో పోతా ఉంటే పిలిచినా. వాడూ నవ్వినాడు, ఎవురమ్మా ఇట్ల తిరకాసుగా పట్టింది అని. ఎంతసేపు, ఒక సిగరెట్టు కాలేంతలో సరిచేసి ఇచ్చినాడు."

"సరిచేశాడా?"

"మరి? పాపం, ఆయమ్మ ఇన్నేండ్లూ తప్పు సానతోనే కోసింది. నువ్వన్నా సెప్పకూడదా?"

నాకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. నోట్లో చేదు నీళ్ళు ఊరాయి. దొడ్లోకి పోయి ఉమ్మి వచ్చాను. తిట్టి ఉంటే పట్టించుకునేవాణ్ణి కాదు. మా అమ్మ తిట్టింది, ఆచారి వెటకారం చేశాడు, దానికి నా భార్య జవాబు చెప్పుకుంది. ఇప్పుడు జవాబు చెప్పడానికి ఆమె లేనప్పుడు పాపం అన్నారు. ఆమె కోరి, వాదించి, అద్దం మోసుకొచ్చి చేయించుకున్న ఒక్క వస్తువును ఆమె తప్పు అని అనుకుని దిద్దారు. చిన్నప్పుడు మేనత్త తువ్వాలుతో కట్టింది. చచ్చిపోయాక కూడా ఆ చెయ్యి కట్టేశారు.

నేను తిరిగి వచ్చేసరికి మా అక్క ఈలపీటను గోనెసంచిలో చుడుతోంది.

"ఇది నేను తీసకపోతా అబ్బోడా. నువ్వొక్కడివి, నీకెందుకు ఇంత బరువు. ఒక స్టీలు చాకు కొనుక్కో, తేలిగ్గా ఉంటాది. ఇంత మంచి ఇనుము ఊరికే పడి ఉండాల్నా?"

"అది ఇక్కడే ఉంటుందక్కా."

"ఎవురు కోస్తారు దాంతో?"

సంచి విప్పి, ఈలపీటను తీసి, దాని చోటున పడుకోబెట్టాను. "ఒక కత్తికి ఇంత మూతి ముడుపా? మడిసి పోయినదానికన్నా దీనికే ఎక్కువ అంగలారుస్తా ఉండావే," అంది మా అక్క, చుట్టాలకు వినిపించేలా. వాళ్ళు తల పంకించారు. ఆ మధ్యాహ్నం వాళ్ళు గుమ్మడికాయ పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నారు. ముక్కలు అన్నీ ఒకే తీరుగా ఉన్నాయని మెచ్చుకున్నారు. నేను మజ్జిగ పోసుకుని తిన్నాను.

అందరూ వెళ్ళిపోయారు. మా అక్క బస్సెక్కేముందు నాకు జాగ్రత్తలు చెప్పింది. మనసులో పెట్టుకోవద్దంది. ఆమెకు ఈ రోజుకీ తాను చేసింది ఏమిటో తెలియదు. చెప్పినా తెలియదు. బస్సు పోయేదాకా నిలబడి చెయ్యి ఊపాను.

ఇల్లు కడిగాను. ఈలపీట పాదం అచ్చులోని రజను తడిగుడ్డతో తుడిచాను. అది సందుల్లో ఇంకా కొంచెం ఉంది. పక్కింటావిడ బీన్సు కోసి తెచ్చి ఇచ్చింది. వండుకున్నాను. ఈలపీట ముట్టలేదు. కుడిచేత్తో చాలా సులువుగా కోయవచ్చు దాంతో ఇప్పుడు. ఆ సులువే నాకు ఏవగింపు.

వాలు మళ్ళీ తిరగేయాలంటే రెండు పక్కలా ఇనుము పోతుంది. కత్తి సన్నబడుతుంది. మునుపటంత కాలం రాదు. నాకు మాత్రం ఇంకెంత కాలం కావాలి. ఆచారికి ఇప్పుడు చూపు తగ్గిందట, పొద్దుటి వెలుతురులో మాత్రం పనిచేస్తున్నాడని బావమరిది అన్నాడు. భద్రంగా ఉందని నేను పంపిన కబురు అబద్ధమయింది కాబట్టి అతను నన్ను తిడతాడు. తిట్టనీ.

రేపు పొద్దున మొదటి బస్సుకు బయలుదేరి, పూతలపట్టులో మారి, ఐరాల పోతాను. ఈలపీటను ఆమె పాత చీరలో చుట్టి ఉంచాను. దారిలో ఒక గుమ్మడికాయ కొంటాను. కొలిమిలో అద్దం మీది పొగ నేనే తుడుస్తాను. వాలు తిరిగాక అక్కడే కూర్చుని, ఎడమకాలు ఆ అచ్చులో పెట్టి, కాయకు గాటు పెట్టి చూస్తాను. వంకరగా పోతేనే ఇంటికి తెస్తాను.